కాణిపాకంలో ప్రీయాంపు పంచాయితీ

బిడ్డకు చెవులు కుట్టించను పోయి, నిన్న కాణిపాకంలో ముందు నా నోరు కుట్టించుకోవాల్సింది! ఆ పని చెయ్యలేదు. అందుకే ఈ పొద్దు ఇట్ల మండిపోతా ఉండాను. రాండి, కూర్చోండి. టీ మరగతా ఉండాది, పోస్తా. "ఏమైంది భారతీ, మొగం అట్ల పెట్టుకోనుండావు?" అని పొద్దున్నుంచి కొళాయి కాడ ఒక్కొక్కరూ అడుగుతానే ఉండారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందరూ ఒకేసారి వినండి. నవ్వినారంటే మాత్రం గ్లాసులు వెనక్కి లాక్కుంటా, ముందే చెప్తా ఉండాను.

మా ఆయన సంగతి మీకు తెలియంది కాదు. రేణిగుంటలో గోడౌన్ ఉద్యోగం, పొద్దున పోతే సాయంత్రం ఇంటికి. తాగడు, పేకాడడు. "నీ మొగుడు బంగారమే" అని మీరే అంటారు. బంగారమే! కానీ ఆ బంగారానికి ఒక పిచ్చి ఉండాది. స్టీరియో! ఒక పక్కే మోగితే మోనో అంట, రెండు పక్కలా మోగితే స్టీరియో అంట. హాల్లో ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి, టేకు చెక్కతో చేయించిన రెండు స్పీకర్ డబ్బాలు చూసినారు కదా? వాటిని తుడిచేదానికి వేరే గుడ్డ. నా మొగం తుడుచుకునే టవల్ కంటే మెత్తన అది. బిడ్డకు ఉయ్యాల యాడ కట్టాల అంటే, "స్పీకర్‌కు అడ్డం రాకుండా కట్టు" అన్నాడు ఆ మహానుభావుడు. కడుపున పుట్టిన బిడ్డ అడ్డమంట, చెక్క డబ్బా కాదంట!

ఈయన ఒక్కడే అయితే ఎట్లనో సంసారం చేసుకుందును. మా అన్న మునిరత్నం కూడా ఇదే జాతి. చిత్తూరులో బెల్లం మండీ పెట్టుకోని, పొద్దంతా బెల్లం అచ్చుల మధ్య కూర్చుని, పొద్దు గూకినాక సోల్డరింగ్ కడ్డీ పట్టుకుంటాడు. అసలు మా పెండ్లి కుదిరిందే ఆ పిచ్చి వల్ల. పెండ్లిచూపులకు వచ్చి ఈయన నన్ను చూసింది తక్కువ, మా అన్న టేప్ రికార్డరును చూసింది ఎక్కువ. "పిల్ల నచ్చిందా?" అని మా నాయన అడిగితే, "మోటారు చప్పుడే లేకుండా ఎంత నున్నగా తిరగతా ఉండాదో!" అన్నాడు. నా గురించి అనుకుని మా అమ్మ పొంగిపోయింది పాపం.

ఇప్పుడు అసలు గొడవకొస్తా. ప్రీయాంపు అంటే మీకు తెలీదు కదా? తెలియకపోవడం మీ అదృష్టం. నేను తెలుసుకోవాలని ఏనాడూ అనుకోలేదు, అన్నం తినేటప్పుడు వాళ్ళిద్దరూ అరిచి అరిచి నాకు నేర్పించినారు. క్యాసెట్టు తిరిగే డెక్కులోనుంచి పాట బయల్దేరతాది. స్పీకర్లను మోగించేది పెద్ద ఆంప్లిఫయరు. ఈ రెండిటికీ మధ్యలో ఇంకో చిన్న డబ్బా ఉంటాది, చప్పుడు ఎక్కువ తక్కువ చేసే గుబ్బ దానికే ఉంటాది. అది ప్రీయాంపు. దాంట్లో రెండు కులాలు. యాక్టివ్ అనేది కరెంటుతో నడుస్తాది. లోపల ట్రాన్సిస్టర్లూ అవీ ఇవీ ఉంటాయి, వచ్చిన పాటకు బలం పోసి పంపిస్తాది. పాసివ్‌కు కరెంటే వద్దు. లోపల నాలుగు వైర్లు, ఒక గుబ్బ, అంతే. పాట ఎట్లొస్తే అట్నే పోనిస్తాది, లేదంటే తగ్గిస్తాది. పెంచడం దానికి చేతకాదు.

నాకు అర్థమైంది ఏందంటే ఒకటి చక్కెర వేసిన పాలు, ఇంకోటి ఉత్త పాలు. ఏదో ఒకటి తాగి పడుకోకుండా దీనికి కొట్టుకుంటారా ఎవరన్నా? వీళ్ళు కొట్టుకున్నారు!

మా ఆయన మద్రాసు పోయి, రేడియో సామాన్లమ్మే వీధంతా తిరిగి, ఒక యాక్టివ్ ప్రీయాంపు తెచ్చుకున్నాడు. ముందర నాలుగు గుబ్బలు, ఎర్ర లైటు. పెట్టినప్పటినుంచీ గుయ్ మని సన్నగా ఒక చప్పుడు. "అది ఏం చప్పుడండీ?" అంటే "అది చప్పుడు కాదు, దాని ఊపిరి" అన్నాడు. మా అన్న ఏం చేసినాడు, ఆ ఊపిరి సహించలేక, సొంతంగా ఒక పాసివ్ చేసి పట్టుకొచ్చినాడు. మిఠాయి రేకుడబ్బా ఒకటి తీసుకోని, నల్లరంగు పూసి, ఇత్తడి గుబ్బ బిగించి, పసుపూ కుంకుమా పెట్టి మరీ తెచ్చినాడు. చెల్లెలి మొగుడికి చేత్తో చేసిచ్చిన బహుమానం. మా అన్న ఎవరికీ ఏదీ ఊరికే ఇచ్చే రకం కాదు, మీకు తెలుసు. ఆ పొద్దు ఇచ్చినాడు.

మధ్యాహ్నం అరిటాకులేసి ఇద్దరికీ వడ్డిస్తా ఉండాను. సంగటి, వేరుశనగ ఊరిబిండి, చింతచిగురు పప్పు. మా అన్నకు ఇష్టమని పొద్దున్నే లేచి చేసినాను. రెండు ముద్దలు తిన్నాడో లేదో, ఆశగా అడిగినాడు.

"ఏం బావా, పెట్టి సూసినావా మన డబ్బా?"

మా ఆయన పప్పు కలుపుకుంటానే అన్నాడు. "చూసినా బావా. దాంట్లో ఏముండాదని? ఖాళీ డబ్బా! పాట నీరసంగా వస్తా ఉండాది. నువ్వే తీస్కపో, మండీలో బెల్లం ముక్కలు పెట్టుకోనుకు పనికొస్తాది."

ఒక మనిషి చేత్తో చేసి తెచ్చిస్తే అనే మాటనా అది? మా అన్న మొగం ఎర్రగా అయిపోయింది.

"ఖాళీ అంటే ఏందనుకున్నావు బావా? స్వచ్ఛం! బెల్లంలో ఏమీ కలపనోడిని నేను. పాటలో కూడా కలపను. నీ మద్రాసు డబ్బా ఉండాదే, అది పాటా పాడతాది, పాము మాదిరి బుసా కొడతాది. నీకు కావాల్సింది పాట కాదప్పా, గుయ్ గుయ్!"

"చెవుల్లో బెల్లంపాకం పోసుకున్నోడికి అట్నే వినపడతాదిలే!"

అంతే. మా అన్న ఆకు ముందర నుంచి లేచిపోయినాడు! సగం సంగటిముద్ద ఆకులోనే ఉండాది. చెయ్యి కడుక్కోలేదు, చెప్పులేసుకోని దిగిపోయినాడు. ఆడబిడ్డ ఇంట్లో ఆకు ముందర నుంచి పుట్టింటోడు లేచిపోవడం అంటే ఏందో మీకు నేను చెప్పాల్సిన పన్లేదు. మా ఆయన? మజ్జిగ పోసుకోని ప్రశాంతంగా భోంచేసినాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఊరిబిండి గిన్నె ఆయన నెత్తిన బోర్లించి ఉండాల్సింది. మా అమ్మ నేర్పిన సంస్కారం అడ్డమొచ్చింది.

ఇక్కడినుంచే నా ప్రాణం మీదికి వచ్చింది. బుజ్జిదానికి చెవులు కుట్టే ముహూర్తం పెట్టుకోనుండాము కదా? మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే గానీ మా ఇండ్లల్లో చెవులు కుట్టరు. ఎవురో ఒకరి ఒడి అంటే కుదరదు. నాకుండేది ఒకే అన్న. ఆయన రాలేదంటే పుట్టింటి వాకిలి మూసుకుపోయినట్టే, రేపు నా బిడ్డకు మేనమామ ఉండీ లేనట్టే. నేను చిత్తూరు పోయి మండీలో నిలబడి అడిగినాను.

"ముందు మీ ఆయన్ని సెప్పమను, పాసివే మేలని. అప్పుడొస్తా."

ఇంటికొచ్చి ఈయన్ని అడిగినాను. "ప్రాణం పోయినా చెప్పను. కావాలంటే కాళ్ళు పట్టుకుంటా మీ అన్నవి, కానీ ఆ మాట మాత్రం నా నోట రాదు."

కాళ్ళు పట్టుకుంటాడంట, డబ్బా బాగుండాదని మాత్రం చెప్పడంట! ఎట్లాంటి మగోళ్ళో చూడండి. రాజ్యాలు పోయినా ఇంత పట్టు పట్టరు.

అప్పుడు నాకు తెలివి పుట్టింది. పుట్టకుండా ఉంటే బాగుండేది. ఇద్దరికీ ఒక పరీక్ష పెడతానన్నాను. హాలు మూలలో పాత చీర అడ్డంగా కట్టి, దాని వెనక నేను రెండు డబ్బాలూ పెట్టుకోని కూర్చుంటా. ఒకసారి ఒకటి తగిలించి, ఇంకోసారి ఇంకోటి తగిలించి వినిపిస్తా. ఏది ఏదో మీరు చెప్పాల. గెలిచినోడిదే మాట, ఓడినోడు నోరు మూసుకోని చెవులు కుట్టేదానికి రావాల. ఇద్దరూ ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. ఎవరికి వాళ్ళు గెలుస్తామనే! ఏ వైరు యాడ గుచ్చాలో ఈయన చూపించబోతే, "నాకు తెలుసులే, రోజూ మీరు పీకి గుచ్చేది చూస్తానే ఉండా గదా" అన్నాను. ఆ రోషం ఎందుకు నాకు? నన్నెవరన్నా అడిగినారా?

ఆ ఆదివారం బుజ్జిదాన్ని ఈ లలితక్క చేతికిచ్చి, చీర వెనక కూర్చున్నాను. పెట్టిన క్యాసెట్టు ఏందంటే మా పెండ్లిలో మా అన్నే రికార్డు చేసిన మేళం. నాదస్వరం, డోలు. ముందు రేకుడబ్బా తగిలించినాను, మా అన్నది. చప్పుడు పీలగా వస్తా ఉంటే గుబ్బను చివరిదాకా తిప్పినాను. అప్పుడు సరిపోయింది. బయట ఇద్దరూ గుళ్ళో కూర్చున్నట్టు కండ్లు మూసుకోని వింటా ఉండారు.

"ఇదే నాది!" అన్నాడు మా అన్న. "సూడు ఎంత తేటగా ఉండాదో. ఊటబావి నీళ్ళు!"

"నీదే, నీదే" అన్నాడు మా ఆయన. "మనిషి ఊదినట్టు లేదు, ఉపవాసం ఉన్నోడు మూలిగినట్టు ఉండాది. మార్చు భారతీ."

మార్చను వంగినాను. అక్కా, ఆ చీర వెనక చీకటి. వైర్లన్నీ జడ చిక్కులు పడినట్టు పడుండాయి. అన్నిటికీ ఒకటే రకం పిన్నులు. ఒకటి పీకినాను, ఒకటి గుచ్చినాను. పాట మొదలైంది.

"ఆఁ! ఇదీ నాది!" అని మా ఆయన తొడ కొట్టుకున్నాడు. "ఆ డోలు దెబ్బ చూడు బావా, కడుపులో తగల్లా? ప్రాణం పోసుకోని లేచొచ్చినట్టు లేదూ?"

"తూ! వచ్చిందప్పా గుయ్ గుయ్!" అని మా అన్న చెవులు మూసుకున్నాడు. "నాదస్వరం వెనకాల తేనెటీగలు ముసిరినట్టు ఉండాది. తలనొప్పి లేచింది నాకు."

ఆ క్యాసెట్టులో అప్పగింతలప్పుడు నేను వెక్కి వెక్కి ఏడ్చింది కూడా ఉండాది. మా అమ్మను పట్టుకోని వదలకుండా ఏడ్చినాను ఆ పొద్దు. చీర వెనక కూర్చుని నా ఏడుపు నేనే విన్నాను. ఆ ఇద్దరికీ అది వినపడిందా? ఒకడికి డోలు వినపడింది, ఇంకొకడికి తేనెటీగలు వినపడినాయి. ఒకడు కట్టుకున్నోడు, ఒకడు తోడబుట్టినోడు! అప్పుడు వచ్చిన కోపం ఇంగా దిగలేదు నాకు.

"ఇంగ ఒక్కసారి" అని అరిచినాడు మా అన్న. "రెండూ గట్టిగా పెట్టు మ్మే, తేలిపోవాల!"

కోపంగా వంగి వైరు పట్టుకున్నాను. చూస్తే ఏముండాది? పిన్ను రేకుడబ్బాలోనే ఉండాది! అంటే నేను పీకిన పిన్నే మళ్ళీ అదే బొక్కలో గుచ్చినాను. రెండుసార్లూ పాడింది ఒకటే డబ్బా. మా అన్న ఖాళీ డబ్బానే! ఆ ఎర్ర లైటు డబ్బా ఒక్క ముక్క కూడా పాడనే లేదు, ఊరికే లైటేసుకోని నన్ను చూస్తా కూర్చోనుండాది.

బయటికి చెప్పేదా, మానేదా? చెప్తే ఇద్దరి పరువూ గంగలో కలుస్తాది. చెప్పకుంటే? చెప్పకూడదనే అనుకున్నాను. సరే, ఇప్పుడన్నా న్యాయంగా ఆ రెండోది పాడిద్దాము అనుకోని, పిన్ను పీకి మా ఆయన డబ్బాకు గుచ్చినాను. గుబ్బ ఎంత తిప్పాల? మా అన్నది చివరిదాకా తిప్పి ఉండాను కదా. ఇద్దరికీ ఒకటే న్యాయం. ఒకరికి గరిటెడు, ఒకరికి అరగరిటె వడ్డించే అలవాటు నాకు లేదు. రేపు ఎవరూ నన్ను పక్షపాతం అనకూడదు. ఈయన గుబ్బ కూడా చివరిదాకా తిప్పి, డెక్కు మీట నొక్కినాను.

ఉత్త పాలకు, చక్కెర పాలకు ఒకటే గరిటె పెట్టకూడదని నాకేం తెలుసు? అది బలం పోసి పంపించే డబ్బా! ఢమాల్ మనింది చూడండి! డోలు కాదు, పిడుగు! కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, అల్మారాలో గ్లాసులు కిందపడినాయి, రెండు స్పీకర్లూ ఒకేసారి పర్రుమని చినిగినాయి. ఆ తరవాత గమ్మునైపోయినాయి. కాలిన వాసన. ఆ ఆదివారం మీ ఇండ్లల్లో గిన్నెలు దొర్లినాయి కదా? అందరూ వీధిలోకి పరిగెత్తినారు కదా? కుక్కరు వెయిటు ఎగిరిపోయిందని చెప్పినాను మీకు. కుక్కరూ లేదు, నా తలకాయా లేదు. అది నేనే!

చీర పక్కకు తీసి చూస్తే ఇద్దరూ స్పీకర్ల ముందర మోకాళ్ళ మీద కూర్చోనుండారు. ఇంట్లో పీనుగ లేసినట్టు మొగాలు. తరవాత ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగినారు.

"ఫుల్లు పెట్టమని నీకు ఎవురు సెప్పినారు మ్మే?"

"ఫుల్లు పెట్టమని నీకెవరు చెప్పినారే?"

పెండ్లయినప్పటినుంచీ వాళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడింది అదే మొదటిసారి. నన్ను తిట్టడంలో! ఒకడు తిట్టి ఆపితే ఇంకొకడు అందుకుంటాడు. "ఆడోళ్ళ చేతికిచ్చింది మన తప్పు బావా" అంటాడు ఒకడు. "పోనీలే బావా, స్పీకర్లో కాగితం కోను చినిగింది గానీ మ్యాగ్నెట్టు బాగుండాది" అని ఓదారుస్తాడు ఇంకొకడు. సాయంత్రానికి ఒకే గ్లాసు టీ సగం సగం తాగినారు. మర్నాడు కాళాస్తి, తడ మీద పోయే బస్సులో ఇద్దరూ చెరొక స్పీకర్ ఒళ్ళో పెట్టుకోని మద్రాసు పోయినారు బాగుచేయించను. ఆ స్పీకర్‌ను ఒళ్ళో ఎత్తుకున్న తీరు చూడాల మీరు! బుజ్జిదాన్ని ఏనాడూ అట్ల ఎత్తుకోలేదు ఈయన.

నేను మాత్రం లోపల్లోపల సంతోషపడినాను. నాలుగు తిట్లు పడితే పడినాయి, బావాబామ్మర్దులు కలిసినారు కదా! మద్రాసు నుంచి దిగంగానే అడిగినారు ఇద్దరూ.

"ఇంతకీ పరీక్షలో ఎవరు గెలిచినట్టు?"

నా తెలివి మళ్ళీ పని చేసింది. "చెవులు కుట్టినాక చెప్తా" అన్నాను. ఆ ఆశకోసమన్నా మా అన్న తప్పకుండా వస్తాడని. చెవులు కుట్టడం అయిపోయినాక "ఇద్దరూ సరిగ్గా చెప్పినారు, ఇద్దరూ గెలిచినారు" అని అబద్ధం ఆడేస్తే పోతాది, ఎవరికి తెలుస్తాది? అబద్ధమంతా ముందే వండి పెట్టుకోనుండాను. కుక్కరు వెయిటు చెప్పినదానికి ఇదొక లెక్కా?

అయితే చెవులు యాడ కుట్టించేది? అదీ నేనే చెప్పినాను. నా నోరే! "కాణిపాకంలో పెట్టుకుందాము. అన్నకు చిత్తూరు నుంచి దగ్గర, దూరమనే సాకు ఉండదు" అని. అందరూ భేష్ అన్నారు.

నిన్న పొద్దున గుడి మండపంలో అన్నీ బాగానే జరిగినాయి. కొత్త పంచె కట్టుకోని మా అన్న కూర్చున్నాడు. బుజ్జిదాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు, చేతికి బెల్లంముక్క ఇచ్చినాడు. ఆచారి బంగారు తీగ తీసినాడు. ఆడబిడ్డ కదా, ముందు ఎడమ చెవి. కుట్టినాడు. బిడ్డ కేర్ మని గుక్కపట్టింది. "కొంచేపు ఊరుకోనీండమ్మా, రెండో చెవి తరవాత కుడతా" అని ఆచారి చేతులు తుడుచుకున్నాడు. మా అన్న బిడ్డను ఊపుతా ఊపుతా నా వైపు చూసినాడు.

"మ్మే, ఒక చెవి అయింది కదా. ఇప్పుడన్నా సెప్పు. ఆ పొద్దు ఎవురు గెలిచినట్టు?"

"అవును చెప్పు" అని మా ఆయన కూడా వచ్చి పక్కన నిలబడినాడు.

నోరు తెరిచినాను. వండి పెట్టుకున్న అబద్ధం నాలుక చివర ఉండాది. అప్పుడు ఎదురుగా గర్భగుడి కనపడింది. వరసిద్ధి వినాయకుడు! ఊరూరి దొంగల్నీ, ఎగ్గొట్టినోళ్ళనీ పట్టుకొచ్చి ప్రమాణం చేయించే దేవుడు! ఆయన ఎదురుగా కల్లలాడితే కండ్లు పోతాయని చిన్నప్పటినుంచీ మా అమ్మ చెప్పి చెప్పి భయపెట్టి పెట్టింది. బిడ్డ తల్లిని, పిల్ల మేనమామ ఒళ్ళో ఒంటి పోగుతో ఏడుస్తా ఉండాది.

"తరవాత చెప్తా" అన్నాను.

"ఎందుకు తరవాత? సామి ముందరే సెప్పు" అన్నాడు మా అన్న, అనుమానంగా.

ఇంక ఆగలేదు నాకు. మొత్తం కక్కేసినాను. రెండుసార్లూ ఒకటే డబ్బా, పిన్ను మారలేదు, రెండుసార్లూ పాడింది రేకుడబ్బానే అని.

ముందు మా అన్న తేరుకున్నాడు.

"అయితే బావా, డోలు కడుపులో తగిలిందనీ, ప్రాణం పోసుకోని లేచొచ్చిందనీ నువ్వు తొడ కొట్టుకున్నావే, అది నా ఖాళీ డబ్బానా?"

"అది సరే బావా, తేనెటీగలని చెవులు మూసుకున్నావే నువ్వు, తలనొప్పి లేచిందన్నావే, ఆ గుయ్ గుయ్ కూడా నీ డబ్బాదేనా? దాంట్లో కరెంటే లేదు గదప్పా, గుయ్ యాడినుంచి వచ్చింది, నీ తలకాయలో నుంచా?"

"నా తలకాయను అంటావా? మేనమామ పీట మీద కూసోనుండేటోడిని అంటావా?"

మళ్ళీ మొదలు! గుడి అనీ లేదు, ముహూర్తమనీ లేదు. చుట్టూ జనం చేరినారు. కాణిపాకంలో ఇద్దరు మగోళ్ళు అరుచుకుంటే ప్రమాణానికి వచ్చినోళ్ళే అనుకుంటారు కదా. గుండు కొట్టించుకున్న ముసలాయన ఒకాయన నా దగ్గరకొచ్చి జాలిగా అడిగినాడు. "ఏందమ్మా తగాదా? అన్నదమ్ముల ఆస్తి పంపకమా?"

"డబ్బాల పంపకం తాతా" అన్నాను.

"ఏం డబ్బాలు? బంగారం డబ్బాలా?"

"రేకువి" అన్నాను. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయినాడు.

మా అన్న బిడ్డను తెచ్చి నా చేతిలో పెట్టినాడు. "మీ ఆయన తప్పు ఒప్పుకునేదాకా రెండో చెవి లేదు" అనేసి చిత్తూరు బస్సెక్కినాడు! మా ఆయన "పోతే పోనీ" అని చెప్పుల కాడికి పోయినాడు. ఆచారి రెండో పోగు చేతిలో పట్టుకోని, "అమ్మా, రాహుకాలం వస్తా ఉండాది. ఏం చేసేది?" అంటాడు. ఏం చేసేది? నన్ను అడిగితే ఏం చెప్పేది? నేను తీర్చిన పంచాయితీ చూసినావు కదప్పా అనుకున్నాను.

తిరిగొచ్చే బస్సులో పక్కన కూర్చున్న ఆమె బుజ్జిదాని చెవి పట్టుకోని, "ఏమ్మా, ఒక్క చెవికే కుట్టించినారా? మీ కులంలో అంతేనా?" అని అడిగింది. ముందు సీట్లో ఉన్న మా ఆయన వెనక్కి తిరక్కుండానే గొణిగినాడు. "స్టీరియో ఇంట్లో పుట్టి మోనో అయిపోయింది పాపం." ఆ బస్సులోనుంచి ఆయన్ని తోసెయ్యలేదంటే, డ్రైవరు వేగంగా పోతా ఉండాడని కాదు, టిక్కెట్లు ఆయన జేబులో ఉండాయని!

ఇంగ మీరు నవ్వింది చాలు. నా గ్లాసులు ఇట్లివ్వండి. పొద్దున్నే మా అన్న కబురు పంపినాడు, మంచి రోజు చూడు, వస్తాలే, బిడ్డ ఏం పాపం చేసింది అని. ఈయన కూడా "పిలువు, నేనేమన్నా వద్దన్నానా?" అంటా ఉండాడు. వస్తారు, ఇద్దరూ వస్తారు. వచ్చి మళ్ళీ నన్నే అడుగుతారు, నిజంగా పిన్ను మారలేదా, సరిగ్గా చూసినావా అని. అందుకే మిమ్మల్ని ఒకటి అడగతా ఉండా. మీలో ఎవరికన్నా తెలిస్తే చెప్పండమ్మా. ఈ చుట్టుపక్కల అబద్ధం ఆడినా కండ్లు పోనియ్యని దేవుడు ఎవరన్నా ఉండాడా? రెండో చెవి ఆడ కుట్టిస్తా!